అనిబిసెంటమ్మయు, వర్ణభేదమును

మదనపల్లెకు చేరువ, సముద్రమట్టమునకు 4,000 అడుగుల పైనున్న కొండకు మన పూర్వులు పెట్టిన పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ యను బాలిక కథను ఆ ప్రాంతపు పల్లెలలో నేటికిని జెప్పుకొందురు. కడప జిల్లా కలెక్టరు హార్స్లీ దొర 1870 ప్రాంతమున వేసవి విడిదికై యచట బంగళా కట్టించుకొనెను. నాటినుండి మల్లమ్మ పేరు వెనుకబడి దొర పేరు ముందునకు వచ్చెను. నేడు యాత్రికులందఱును హార్స్లీ హిల్స్ అనియే యందురు. ఆ కొండకు దిగువనున్న మదనపల్లె పట్టణమున మఱియొక తెల్లజాతి వ్యక్తి పేరు నిలిచియున్నది. ఆమె యధికారము చెలాయించుటకు వచ్చినది గాదు. ఆ యధికారమును ధిక్కరించి నిర్బంధమునకు లోనైనది. 1915లో నెలకొల్పబడిన దివ్యజ్ఞాన కళాశాల యామె పేరును ధరించియున్నది. రాయలసీమలో ఉన్నతవిద్యకు తొలి యాధారములలో నది యొకటి.

శ్రీమతి అనిబిసెంటు చరిత్రను మనవారు స్తోత్రపాఠముగ జెప్పుట యాచారమైనది. స్తోత్రమున కామె యర్హురాలే. కాని జాతులనుగూర్చియు, కులములనుగూర్చియు నామె బహిరంగముగ బలికిన మాటలు, వ్రాసిన వ్రాతలు కొన్ని కలవు. వానిని స్తోత్రకర్తలు దాటవేయుదురు. ద్వేషించువారు వానినే పట్టుకొని తక్కినదంతయు మఱతురు. ఈ రెండును న్యాయము గావు. ఆమె జీవితమును ఆ మాటలతో గూడ జూచుట మా యుద్దేశము.

ఆమె 1847 అక్టోబరు 1వ తేదీన లండను నగరమున బుట్టెను. రక్తసంబంధమున ఐరిష్ పాలు హెచ్చు. ఇంగ్లీషువారిచే దేశము గోల్పోయిన జాతి యది. ఇరువదియేండ్ల ప్రాయమున 1867లో ఫ్రాంక్ బిసెంటు అను క్రైస్తవ మతాచార్యుని బెండ్లాడెను. ఇద్దఱు బిడ్డలు కలిగిరి. మతమునందు విశ్వాసము సడలినందున 1873లో భర్తను విడిచి బయటకు వచ్చెను. ఆ కాలపు ఇంగ్లండులో మతాచార్యుని భార్య గడప దాటుట యెంత సాహసమో మన పాఠకులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. పిమ్మట నాస్తికోద్యమనాయకుడు చార్లెస్ బ్రాడ్లాతో జేరి, సంతాన నియమనమును బోధించు చిన్న పుస్తకమును ప్రకటించినందుకు 1877లో న్యాయస్థానమున కెక్కెను. శిక్ష పై కోర్టులో కొట్టివేయబడెను గాని, ఇట్టి తల్లి బిడ్డను బెంచుటకు దగదని 1878లో న్యాయాధిపతులు కుమార్తెను ఆమె చేతులనుండి లాగి తండ్రి కప్పగించిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో బని గలదు.

భారతదేశమును జూడకమున్నే, 1879లో, ఇండియా ఆఫ్ఘనిస్థానముల విషయమున బ్రిటిషు ప్రభుత్వము చేసిన యన్యాయములను దూషించుచు నామె యొక చిన్న గ్రంథము వ్రాసెను. 1888లో లండనునందలి అగ్గిపుల్లల కర్మాగారపు బాలికల సమ్మెకు వెన్నుదన్నుగా నిలిచి గెలిపించెను. పేదవాని పక్షము, బలహీనుని పక్షము వహించుట యామెకు స్వభావము. ఇట్టి యామె 1889లో బ్లావట్స్కీ దొరసాని రచించిన రహస్యవాద గ్రంథమును పత్రికకు సమీక్షించుటకై చేబట్టి, చదివి ముగించునప్పటికి దివ్యజ్ఞాన సమాజమునకు శిష్యురాలయ్యెను. 1893 నవంబరులో మన దేశమున నడుగిడెను. 1898లో కాశీలో హిందూ కళాశాల స్థాపించెను. నేటి కాశీ విశ్వవిద్యాలయమునకు బీజ మదియే. 1907లో అడయారునందు సమాజాధ్యక్షురాలయ్యెను.

దివ్యజ్ఞాన సమాజము సర్వమానవ సౌభ్రాత్రమును ప్రథమాశయముగ జాటినది. జాతి, మతము, లింగము, కులము, రంగు అను భేదము లేకుండ మానవులందఱు నొక్కటియని వారి నియమము. అయినను బ్లావట్స్కీ 1888లో ప్రకటించిన సిద్ధాంతమున మానవులు ఏడు మూలజాతులుగ నొకదాని తరువాత నొకటి యుద్భవింతురనియు, వానిలో నైదవది ఆర్యజాతి యనియు, ప్రతి మూలజాతికి ఉపజాతులు గలవనియు నొక పెద్ద నిచ్చెన కట్టబడినది. నిచ్చెన యన్నపుడు పై మెట్టు, క్రింది మెట్టు తప్పవు గదా! అదే సంవత్సరమున మాక్సుముల్లరు పండితుడు ఆర్యశబ్దము భాషకు జెందినదే గాని రక్తమునకు, కపాలమునకు జెందినది కాదని గ్రంథముఖమున హెచ్చరించియుండెను. ఆ హెచ్చరిక నెవరును లెక్కసేయలేదు. మానవజాతుల రక్తము వేలయేండ్లుగ గలసిపోవుచునే యున్నదనియు, శుద్ధమైన ఆర్యరక్తమనునది యెక్కడను లేదనియు నేటి జన్యుశాస్త్రము తేల్చినది. బిసెంటమ్మ ఈ మూలజాతుల సిద్ధాంతమును శిరసావహించి, దానిని దేశమంతట నుపన్యసించెను.

ఆమె యుపన్యాసములకు మనవారు ఏల యంతగ నాకర్షింపబడిరి? దొరలు కచేరీలలో మనలను నల్లవారని యీసడించుచుండిన కాలమది. తెల్లదొరసాని యొకతె తెల్లచీర గట్టి వేదికయెక్కి, మీరు ఆర్యులు, మీ ఋషులు లోకగురువులు, మీ వర్ణవ్యవస్థ దైవనిర్మితము అని చెప్పినపుడు, అవమానముతో గ్రుంగియున్న విద్యావంతుని ప్రాణము లేచివచ్చినది. అందులో తప్పేమియు లేదు. కాని యా పొగడ్తలో నొక భాగము, ఊరిలోని వారికేగాని ఊరి వెలుపలి పాళెమునకు జెందినది కాదు. ఆ సంగతిని వినువారు గమనింపలేదు, గమనించినవారు సంతసించిరేమో.

1909 ఫిబ్రవరిలో మద్రాసునుండి వెలువడు ఇండియన్ రివ్యూ పత్రికలో నిమ్నజాతుల యుద్ధరణమునుగూర్చి యామె యొక వ్యాసము వ్రాసెను. ఉద్దేశము ఉద్ధరణమే. ప్రతి దేశమునందును అడుగున నణగియున్న వర్గము గలదనియు, వారిని పైకి దెచ్చుట పైవారి విధి యనియు నందు గలదు. అయితే పంచముల బిడ్డలను ఇతర కులముల బిడ్డలతో నొకే బడిలో గూర్చుండబెట్టరాదని యామె వాదించెను. వారి శరీరములు తరతరముల కల్లుసారాయములచేతను, తీవ్రగంధముగల యాహారముచేతను దుర్గంధమును బొందినవట. శుచియైన వంశములనుండి వచ్చిన బిడ్డల ప్రక్కన గూర్చుండుటకు నా దేహములు తగియుండుటకు గొన్ని తరముల శుద్ధాహారము, శుద్ధజీవనము కావలెనట. క్రిందివారిని పైకెత్తవలెనే కాని పైవారిని క్రిందికి లాగరాదని యామె తీర్పు. ప్రత్యేకముగ వారికి బడులు పెట్టి, ముందుగ శుభ్రతయు సభ్యతయు నేర్పవలెనని మార్గము జూపెను.

ఆమె పక్షము వహించువారు దీనికి సమాధానము చెప్పగలరు. కర్నల్ ఆల్కాట్ 1894లో మద్రాసునందు బంచమ బాలురకు ఉచిత పాఠశాలను దెఱచెను. ఆ బడులను బిసెంటమ్మ తన యధ్యక్షతలో సాగించెను. ఆ కాలపు అగ్రవర్ణ నాయకులలో నెందరు తమ సొమ్ముతో నట్టి బడి నొకదాని నడపిరి? ఈ ప్రశ్నలో బలము గలదు. కాని శుచిత్వము వంశముతో వచ్చునను మాట నేమందుము? స్నానమునకు నీరు కావలెను గదా! నీటికి బావి కావలెను. మన పల్లెలలో ఊరబావిని, చెఱువు రేవును, కోనేటిని పాళెమువారికి మూసినదెవరు? నీటిని దామే యడ్డగించి, మైల యున్నదని తామే ముక్కు మూసికొనుట యెట్టి న్యాయము? ఈ ప్రశ్న యామెకు దోపలేదు. అగ్గిపుల్లల కర్మాగారమున బాలికల దవుడ లెముకలు కుళ్లుచుండగా, కుళ్లు వారి వంశముది గాదు, యజమాని వాడు భాస్వరముదని గుర్తించిన వ్యక్తికి ఇది తోచకపోవుటయే వింత.

దేశమున నీ విషయమున గన్నుదెఱిచినవారు లేకపోలేదు. దక్షిణాఫ్రికాలోని భారతీయుల యిక్కట్లనుగూర్చి గాంధిగారు బొంబాయిలో నుపన్యసించిన పిమ్మట, అచట మనవారికి జరుగు నవమానమును జూచి మండిపడు మనము ఇచట మన క్రిందివారియెడ నెట్లు ప్రవర్తించుచున్నామని రానడే పండితుడు సభవారిని నిలదీసెను. ఆ సంగతిని గోఖలే 1903లో ధార్వాడ సంఘసంస్కార సభలో జ్ఞాపకము చేసెను. బిసెంటమ్మ వ్యాసమునకు అది ఆరేండ్ల ముందటి మాట.

1913 వచ్చెను. ఆమె జీవితములోని వైరుధ్యమంతయు నీ యొక్క సంవత్సరములో గూడియున్నది. ఆ యేట చెన్నపట్టణమున నామె వరుసగ నుపన్యాసములిచ్చెను. వేకప్ ఇండియా యను పేర నవి పుస్తకమయ్యెను. బాల్యవివాహములను ఖండించెను, బాలికలకు విద్య కావలెననెను, నిమ్నజాతులయెడ మన విధిని బోధించెను. ఇంగ్లండులోను, వలసరాజ్యములలోను, ఇండియాలోను తెల్లవారు పాటించు రంగు కట్టుబాటును ప్రత్యేకోపన్యాసమున నెండగట్టెను. మఱియొక యుపన్యాసమున కులవ్యవస్థకు గాలము చెల్లినదని ప్రకటించెను. కాశీలో నిదే కులవ్యవస్థను దైవనిర్మితమని సమర్థించిన నోటనుండి యీ మాట వచ్చుట సామాన్యము కాదు. ఆమె మాఱుచున్నదని యెవరైనను సంతోషింతురు. కాని యదే 1913లో లెడ్బీటరుతో గలిసి యామె ప్రకటించిన పెద్దగ్రంథమున, ఆర్యుల రక్తమును కల్తీ కాకుండ గాపాడుటకే మనువు కులములను గట్టడి చేసెనను కథ దివ్యదృష్టితో గనుగొన్న చరిత్రగ వ్రాయబడినది. పగలు వేదికపై కులము కాలము చెల్లినదనుట, రాత్రి గ్రంథమున దానికి బ్రహ్మాండమంతటి పునాది కట్టుట!

ఇంగ్లీషులో రంగునకు నొక మాట, కులమునకు నొక మాట గలదు. మన భాషలో రెండింటికి వర్ణమనునదొక్కటే. ఆ భాషలో నాలోచించియుండిన నామె చిక్కు వెంటనే తేటపడియుండును. లండనునందు మనలను దూరముగ నుంచుటయు, మన యూరిలో బంచముని దూరముగ నుంచుటయు నొక్క వర్ణభేదమే. నాటి సభలో గూర్చుండి చప్పట్లు కొట్టిన మన భూస్వాములకు, వకీళ్లకు ఆ భాష వచ్చును. అయినను వారు నడుగలేదు.

మదనపల్లె కథ యిచట బ్రవేశించును. ఆ యూర 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, రెవిన్యూ యుద్యోగి నారాయణయ్యగారి కుమారుడు. ఆ కుటుంబము 1909లో అడయారు చేరెను. బక్కచిక్కిన యా బాలుని సముద్రతీరమున జూచి, లోకగురువు వేంచేయుటకు దగిన పాత్ర యితడేయని లెడ్బీటరు నిశ్చయించెను. కొత్త ఉపజాతి పుట్టునపుడెల్ల లోకగురువు వచ్చునని వారి సిద్ధాంతము. అనగా జాతుల నిచ్చెనకు బైమెట్టు వేయుటకు మన తెలుగు బాలుడు కావలసివచ్చెను. 1911లో వానిపేర నక్షత్రసంఘము వెలసెను. బిడ్డలను దిరిగి యప్పగింపుడని తండ్రి 1912లో వ్యాజ్యము వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షమున దీర్పు చెప్పగా, 1914లో ప్రివీ కౌన్సిలు దానిని రద్దుచేసెను. తన కడుపున బుట్టిన బిడ్డను కోర్టుచే గోల్పోయిన తల్లి, ముప్పదియాఱేండ్ల తరువాత మఱియొక తండ్రి బిడ్డలను కోర్టుద్వారమున దక్కించుకొనెను. ఇందు న్యాయమెంతయో పాఠకులే తూచుకొందురు గాక.

1914లో నామె న్యూ ఇండియా దినపత్రికను బ్రారంభించెను. 1916 సెప్టెంబరులో హోమ్ రూలు సంఘము స్థాపించెను. ప్రభుత్వము పత్రికనుండి 2,000 రూపాయల ధరావతు గైకొని జప్తు చేసి, మఱి 10,000 అడిగెను. ఆమె చెల్లించి యెప్పటివలె వ్రాసెను. ఆంధ్రదేశమున గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు హోమ్ రూలు ప్రచారభారమును వహించిరి. ఐర్లండు తిరుగుబాటును మెచ్చుచు న్యూ ఇండియాలో వ్రాసిన జేమ్స్ కజిన్సును 1916లో నామె పత్రికనుండి తొలగింపవలసివచ్చెను. ఆయన మదనపల్లె కళాశాలకు వచ్చి యధ్యాపకుడై, పిదప నధ్యక్షుడయ్యెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రకవి యా కళాశాలకు వేంచేసి జనగణమన గీతమును ఇంగ్లీషున దిగుమతి చేసినదియు, కజిన్సుగారి భార్య మార్గరెట్ దానికి స్వరము కూర్చినదియు నచటనే.

1917 జూనులో గవర్నరు పెంట్లాండు ప్రభువు బిసెంటమ్మను, అరండేలును, వాడియాను నిర్బంధించెను. ఉదకమండలమున నామె హోమ్ రూలు జెండా నెగురవేసికొని కూర్చుండెను. దేశమంతయు నట్టుడికినట్లుడికెను. సెప్టెంబరులో విడుదల, డిసెంబరులో కలకత్తా కాంగ్రెసునకు అధ్యక్షత. ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ యామె. అందుచే నామె కీర్తి పరాకాష్ఠ నందెను. ఆ సభలోనే ఆంధ్రకాంగ్రెసునకు వేఱు మండలము కావలెనని మనవారు కోరగా నామె గట్టిగ నెదిర్చెను. తిలకు మహాశయుడు మన పక్షమున నిలిచినందున గార్యము నెఱవేఱెను. ఈ వైరమును మనవారు త్వరలోనే మఱచిరి, మఱువదగినదే.

మఱువరానిది మఱియొకటి గలదు. ఆమె హోమ్ రూలు జెండా యెత్తిన 1916లోనే పిట్టి త్యాగరాయచెట్టిగారును డాక్టరు నాయరుగారును బ్రాహ్మణేతర పక్షమును నెలకొల్పిరి. ఆర్యజాతి స్తోత్రము వినివిని, ఆ స్తోత్రములో దమకు జోటు లేదని గ్రహించినవారు, అట్లయిన మేము ద్రావిడులమనిరి. జాతివాదమునకు జాతివాదమే ప్రత్యుత్తరమయ్యెను. 1917 నవంబరులో, అనగా కలకత్తా కాంగ్రెసునకు ఒక నెల ముందు, బెజవాడలో హైదరాబాదు నాయకుడు భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను ఆంధ్రదేశపు పంచములు మహాసభ జేసికొనిరి. పంచములమను పేరు మాకు వలదు, ఈ నేలకు మేము మొదటివారము, ఆది ఆంధ్రులము అని వారు తీర్మానించిరి. 1922లో మద్రాసు ప్రభుత్వము ఆ పేరును అంగీకరించెను. తమ దేహములు కొన్ని తరములకుగాని శుచి గావని చెప్పినవారికి, ఆ దేహములు గలవారు తామే యిచ్చిన సమాధాన మది.

కలకత్తా సభ నిమ్నజాతులపై నాచారము మోపిన కష్టములను దొలగింపుడని దేశమునకు విజ్ఞప్తి చేయు తీర్మానము గావించినది. ఆ యేటివఱకు కాంగ్రెసు ఆ యూసెత్తలేదు. తరువాత 1945లో డాక్టరు అంబేడ్కరు కాంగ్రెసును విమర్శించుచు బ్రకటించిన గ్రంథమున, ఈ తీర్మానము రాజకీయావసరముకొఱకు జేయబడినదే యని వాదించుచు, అధ్యక్షురాలి మనస్సు నిమ్నజాతులయెడ నెట్టిదో చూపుటకై 1909 నాటి వ్యాసమును సుదీర్ఘముగ నుదాహరించెను. ముప్పదియాఱేండ్ల తరువాతగూడ నా వ్యాసము మఱుగున బడలేదు. వ్రాసినవారు మఱచిన మాటను, పడినవారు మఱువరు.

ఇట్టి లోపము బిసెంటమ్మ యొక్కతెదే యనుట యన్యాయము. స్త్రీలకు వోటు కావలెనని జీవితమంతయు బోరాడిన అమెరికా నాయకురాలు ఎలిజబెత్ కేడీ స్టాంటన్, 1869లో నీగ్రో పురుషులకు ముందుగ వోటువచ్చుటను సహింపలేక వారిని హీనముగ మాటలాడెను. గాంధిగారు దక్షిణాఫ్రికాలోని తొలిదినములలో భారతీయులను ఆఫ్రికావారితో సమముగ జూచుట యవమానమని వ్రాసిరి. ఆ వ్రాతల కారణముననే 2018లో ఘనా విశ్వవిద్యాలయమునుండి వారి విగ్రహము తొలగింపబడెను. గాంధిగారు మాఱిరి, 1936లో అమెరికా నీగ్రో నాయకులు వారిని దర్శించి యుపదేశము పొందిపోయిరి. తన గాయమును ఖండించువాడు ఇతరుని గాయమును జూడకపోవుట మహానాయకులకును తప్పలేదు. ఇంతమాత్రమున గాయపడినవారు సమాధానపడవలెనని మేమనము.

1919 తరువాత బిసెంటమ్మ పలుకుబడి వేగముగ దగ్గెను. సత్యాగ్రహమును ఆమె యొప్పుకొనలేదు. ఆ యేప్రిలులో, మూకలు రాళ్లు రువ్వినపుడు సైనికులు కాల్చుట తప్పదను భావము వచ్చునట్లు వ్రాసినందున, జలియన్‌వాలాబాగు వార్త బయటపడినపుడు దేశము ఆమెపై గోపించినది. నిన్నటివఱకు రథమును లాగినవారే నేడు సభలలో నామెను మాటలాడనీయకుండ గేకలు వేసిరి. అయినను వృద్ధాప్యమునందును పని విడువలేదు. 1925లో మన స్వపరిపాలనకై యామె పూనికతో సిద్ధమైన కామన్వెల్తు బిల్లు పార్లమెంటు గడప తొక్కి యచటనే నిలిచిపోయెను.

ఆ కాలముననే యొక విశ్వవిద్యాలయము స్థాపింపవలెనని యామె తలంపగా, దానికి దగిన స్థలమును వెదకుచు కృష్ణమూర్తి తన పుట్టినయూరికి చేరువ, హార్స్లీ కొండ ప్రాంతమునగల లోయలో నొక మహావటవృక్షమును జూచి యచట భూమిని గోరెను. ఋషివ్యాలీ విద్యాలయ మట్లు పుట్టెను. పిదప 1929 ఆగస్టు 3వ తేదీన, హాలెండులోని ఓమెన్ శిబిరమున, బిసెంటమ్మ యెదుటనే, కృష్ణమూర్తి తన పేర వెలసిన సంఘమును రద్దుచేసెను. సత్యమునకు మతముగాని, సంఘముగాని, గురువుగాని త్రోవ కాజాలదని చెప్పి, సంఘమునకు వచ్చిన యాస్తులను దాతలకు దిరిగి యప్పగించెను. లోకగురువే తన పీఠమును ద్రోసివేసిన పిమ్మట జాతుల నిచ్చెన యెవరికొఱకు? అప్పటి కామెకు ఎనుబదిరెండవ యేడు నడుచుచుండెను. పెంచిన బిడ్డపై నామె కోపింపలేదు, సిద్ధాంతమును విడువనులేదు. 1933 సెప్టెంబరు 20వ తేదీన అడయారులో గన్నుమూసెను. ఆమె దేహమును హిందూ పద్ధతిని అచటనే దహనము చేసిరి.